చిత్రకళా బోధనయందు కృత్రిమ మేధ: ఒక విమర్శ

చిత్రలేఖనము నేర్పు తరగతిలోనికి కృత్రిమ మేధ ప్రవేశించి కొలది యేండ్లే యైనది. నాలుగు మాటలు టైపు చేసినచో కొలది క్షణములలో బొమ్మ సిద్ధమగుచున్నది. దీనిని నిషేధింపవలెనని కొందఱును, పాఠ్యప్రణాళికలో చేర్పవలెనని కొందఱును వాదించుచున్నారు. ఈ రెండు వాదములును సిద్ధమైన బొమ్మనే చూచుచున్నవి గాని, గీయుటవలన విద్యార్థికి కలుగు మార్పును చూచుట లేదని మా యభిప్రాయము. ఇందూరు సీమనుండి ఉదాహరణములు గైకొని యీ విషయమును పరిశీలింతుము.

ముందుగా యంత్రము పనిచేయు విధమును తెలిసికొనవలెను. శిక్షణకాలమున ఒక్కొక్క బొమ్మపై క్రమక్రమముగా అర్థరహితములైన చుక్కలను చల్లి దానిని చెఱుపుదురు. ఆ చెఱుపును వెనుకకు మఱలించుట యంత్రము నేర్చుకొనును. బొమ్మతోపాటు వివరణవాక్యమును ఇచ్చుటచే, ఏ మాటకు ఏ రూపము తఱచుగా జతపడునో దానికి పట్టుపడును. 2022లో వెలువడిన లయాన్-5బి అను సంచయమున సుమారు 585 కోట్ల చిత్రవాక్యముల జంటలు కలవు. వానిలో దాదాపు 230 కోట్లు ఆంగ్లవాక్యములతో కూడినవి. ఆ సంచయపు భాగములపై శిక్షణ పొందిన స్టేబుల్ డిఫ్యూజన్ అదే సంవత్సరము ఆగస్టులో విడుదలైనది. కావున ఇట్టి యంత్రము చూపునది ప్రపంచమును గాదు. అంతర్జాలమున తఱచుగా కానవచ్చు దాని రూపమును మాత్రమే.

బోధను చక్కెర కర్మాగారమును చిత్రింపుమని ఒక విద్యార్థి యంత్రమును కోరెననుకొందము. చెఱకు బండ్లు, పొగగొట్టము, ఎగయు పొగ వచ్చుటకే యవకాశ మెక్కువ. చక్కెర కర్మాగారమనగా లోకమున నిలిచిన రూపమదియే. కాని 1937లో స్థాపితమై, ఒకప్పుడు ఆసియాలోనే మిక్కిలి పెద్దదిగా పేరొందిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. కాగితములు చేతబట్టి శక్కర్‌నగర్ పోయిన విద్యార్థికి వేఱు ప్రశ్నలు పుట్టును. ఆగిన పనిని ఎట్లు గీయవలెను? పొగ లేకుండుటను ఏ రేఖ తెలుపగలదు? చెఱకు మానిన రైతు ముఖమున గీయదగిన దేది? పొగ వలదన్నచో యంత్రము తీసివేయవచ్చును. కాని ఆ మాట యనవలెనని తోచుటకే విద్యార్థి యచ్చటికి పోయి యుండవలెను.

ఎదుటి పక్షమునకును న్యాయము చేయుట యుక్తము. ఛాయాగ్రహణము వచ్చినపుడు చిత్రకళ నశించునని భయపడినవారు కలరు, అది నశింపలేదు. రవివర్మ 1894లో నెలకొల్పిన ముద్రణాలయము బొమ్మలను సామాన్యుల యిండ్లకు చేర్చినది. అయితే కెమెరాకు వస్తువు నెదుట ఒకడు నిలువవలెను. ముద్రణము చిత్రకారుని పని ముగిసిన పిమ్మట వచ్చునది. ఈ యంత్రము ఆ రెంటిని దాటిపోవుచున్నది. అట్లని యంత్రముతో పనిచేయుటయే దోషము గాదు. హెరాల్డ్ కోహెన్ అను చిత్రకారుడు 1970ల నాటినుండి 2016లో తాను మరణించువఱకు ఆరన్ అను ప్రోగ్రామును తీర్చెను. గీయుట యంత్రమునకు నేర్పుటకై, బొమ్మ యనగా నేమో అతడు తన్ను తానే ప్రశ్నించుకొనవలసి వచ్చెను. నేడు ఆ విచారము ముందే ఒరులు ముగించి యిచ్చుచుండ, విద్యార్థికి మిగులునది కోరుట యొక్కటే.

కావున మా సూచనలు మూడు. తొలి సంవత్సరము వస్తువును ప్రత్యక్షముగా చూచియే గీయింపవలెను. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయమునకు సమీపముననే డిచ్‌పల్లి రామాలయ శిల్పములు కలవు. పిమ్మట అదే వస్తువును యంత్రముచే గీయించి, తన బొమ్మకును దానికిని గల భేదములను విద్యార్థిచే వ్రాయింపవలెను. గొప్ప చిత్రశాలలకు దూరముగా నున్న బోధను విద్యార్థికి పలు వర్ణవిన్యాసములను సరిచూచుకొనుటకు యంత్రము ఇచ్చట నిజముగా తోడ్పడును. మూడవది, మార్కులు తుదిబొమ్మకే గాక చిత్తు కాగితములకును ఈయవలెను. కంటికిని చేతికిని జరిగిన పెనుగులాట కనబడునది వానియందే.

నిజాం పాలన తుదినాళ్లలో దాశరథి కృష్ణమాచార్యులు ఇందూరు జైలు గోడపై బొగ్గుతో పద్యములు వ్రాసెను. ఆయనకు పనిముట్టు కొఱవడినది గాని చెప్పవలసినది కొఱవడలేదు. నేటి విద్యార్థికి పనిముట్లకు కొదువ లేదు. అతడు చెప్పవలసినదానిని తన కన్నులతో వెదకుకొనునట్లు చేయుట ఉపాధ్యాయుల వంతు. ఆ భారమును ఏ యంత్రముపైనను మోపరాదు.