పెండ్లి పత్రికకు ఏ అక్షరం?

మాఘమాసం లగ్గాలు ఖాయమైతే చాలు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో డీటీపీ సెంటర్లకు తీరిక ఉండదు. పత్రిక కొట్టించే ఇంటివాళ్లు కార్డు రంగు కోసం గంటసేపు వెతుకుతారు. ఏ దేవుడి బొమ్మ పెట్టాలో అన్నదమ్ములు వాదించుకుంటారు. అక్షరాల దగ్గరికొచ్చేసరికి "మంచి డిజైన్ ఫాంటు పెట్టు అన్నా" అని ఒక్క మాటతో సరిపెడతారు. నన్నడిగితే పత్రికలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది అక్షరం గురించే.

డిజైన్ ఫాంటు అనగానే చాలామందికి మెదిలేది ఇంగ్లిష్ కర్సివ్. 1994లో ఎడ్ బెంగ్యాట్ గీసిన ఎడ్వర్డియన్ స్క్రిప్ట్ లాంటివి. మొన సన్నగా ఉన్న ఉక్కు పాళీని నొక్కితే గీత లావవుతుంది, వదిలితే వెంట్రుకంత సన్నబడుతుంది. ఆ సొగసంతా అక్కడిదే. వధూవరుల పేర్లకు బాగుంటుంది. కానీ పేరంతా క్యాపిటల్స్‌లో కొడితే వంపులన్నీ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఏ అక్షరమో తెలియదు. మొదటిదొక్కటే క్యాపిటల్ ఉండాలి.

తెలుగు సంగతి వేరు. మన అక్షరాలు ఒకదాన్నొకటి అంటుకోవు, దేనికది గుండ్రంగా నిలబడుతుంది. కాబట్టి తెలుగులో సొగసు కలిపిరాతలో దొరకదు. తలకట్టు ఊపులో, కొమ్ము సాగే తీరులో, వత్తు తిరిగే వంపులో దొరుకుతుంది. చిత్రకారుడు బాపు చేతిరాత ఫాంటుగా వచ్చాక రాష్ట్రమంతా పత్రికల మీదికి ఎక్కిందంటే కారణం అదే. అందులో ఏ అక్షరానికీ అదనపు తీగలుండవు, అయినా వాక్యమంతా కదులుతున్నట్టే ఉంటుంది.

ఏ ఫాంటునైనా పరీక్షించడానికి మన దిక్కు పేరొకటి చాలు: లక్ష్మీరాజం. ధర్మపురి నరసింహస్వామి, వేములవాడ రాజన్న దగ్గరున్న ప్రాంతం కదా, లక్ష్మి, నర్సయ్య, రాజం కలవని పత్రిక అరుదు. ఆ 'క్ష్మీ'ని దగ్గరగా చూడండి. తల మీద గుడిదీర్ఘం, కింద ష వత్తు, దాని పక్కన మ వత్తు. సరిగా గీయని ఫాంటులో రెండు వత్తులు ముద్దవుతాయి. వరుసల మధ్య జాగా తక్కువైతే పై వరుస వత్తు వచ్చి కింది పేరు గుడిలో గుచ్చుకుంటుంది. నేను ముందు ఈ పేరే టైపు చేసి చూస్తాను. అక్కడ నిలబడ్డ ఫాంటు ఎక్కడైనా నిలబడుతుంది.

అక్షరం దేని మీదికి ఎక్కుతుందో కూడా చూడాలి. ఈ మాట సిరిసిల్ల వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇక్కడి నేతన్న వెల్ది హరిప్రసాద్ మగ్గం మీద నేసిన జీ20 లోగోను 2022 నవంబరు 'మన్ కీ బాత్'లో ప్రధాని ప్రస్తావించారు. మగ్గం మీద వంపు వంపుగా రాదు, పోగు పోగుకూ మెట్లుగా వస్తుంది. ఎన్ని పోగులకు ఎంత జరపాలో నేతన్న ముందే లెక్క కట్టుకోవాలి. కార్డుకూ ఆ లెక్క ఉంది. బంగారు ఫాయిల్‌లో మరీ సన్నని గీత తెగిపోతుంది. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు పత్రికను వాట్సాప్‌లోనే చూస్తాడు, అక్కడ ఆ సన్న గీత కనిపించకుండానే పోతుంది. కాస్త కండ ఉన్న అక్షరమే రెండు చోట్లా బతుకుతుంది.

ఫోన్లో పంపేటప్పుడు ఇంకో చిక్కుంది. డీటీపీలో వాడే 'అను' ఫాంట్లు యూనికోడ్ కావు, వాటిలో కొట్టిన మాటర్‌ను కాపీ చేసి ఫోన్లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. పీడీఎఫ్‌గానో బొమ్మగానో పంపాలి. యూనికోడ్ కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో లక్కిరెడ్డి, రవిప్రకాష్ లాంటివి ఉచితంగానే ఉన్నాయి.

ఏది ఎంచుకున్నా వంపుల ఫాంటు రెండు పేర్లకే పరిమితం చేయండి. ముహూర్తం, వేదిక, పెద్దల పేర్లు సాదా అక్షరాల్లో ఉండాలి. మొత్తం పత్రికను అలంకరిస్తే ఏదీ అలంకారంగా కనిపించదు, పెండ్లికూతురి పేరు కూడా వరుసలో కలిసిపోతుంది.

ప్రూఫ్‌ను కంప్యూటర్ తెర మీద పెద్దగా చేసి చూసి ఓకే అనకండి. కార్డు సైజులోనే ప్రింటు తీయించి, ఇంట్లో కండ్లజోడు పెట్టుకునే పెద్దమనిషి చేతికివ్వండి. ఆయన ఎక్కడా ఆగకుండా చదివితేనే అచ్చుకు పంపండి. పత్రిక పంచేది పిలవడానికి. పిలుపు అందరికీ అందాలంటే పేరు చదవగానే తెలియాలి.