ఇంతకీ చెరువేదీ?

బంధువుల ఇంట్లో ఈ వారం ఒక పెళ్లి ఆల్బం చేతికిచ్చారు. ప్రీ వెడ్డింగ్ షూట్ శామీర్‌పేట చెరువు దగ్గర తీశారట. 'అట' అంటున్నానంటే, పేజీలన్నీ తిప్పినా చెరువు కనబడలేదు. పెళ్లికూతురి కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు. వెనక మాత్రం నీలం, పచ్చ కలిపి అలికేసినట్టుంది. ఈ బ్లర్ కోసం రాజీవ్ రహదారి ట్రాఫిక్‌లో అంతదూరం పోవాలా? మిద్దె మీద నీళ్ల ట్యాంకు చాలదా?

అపర్చర్ మూసి తియ్యండయ్యా అన్నది నా పాత పాటే. 50 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/1.8కి తెరిస్తే అపర్చర్ రంధ్రం 28 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల దూరంలోని మొహానికి ఫోకస్ పెడితే, తేటగా పడే లోతు జానెడు కూడా ఉండదు. పెళ్లికొడుకు ఒక అడుగు వెనక నిలబడితే అతనూ చెరువులో కలిసిపోతాడు. కలిశాడు కూడా. ఎఫ్/16కి మూస్తే రంధ్రం మూడు మిల్లీమీటర్లే. ఫోకస్ తప్పిన చుక్కలు పెద్ద బిళ్లలుగా పరుచుకోవు. ఒకటిన్నర మీటరు నుంచి మూడు మీటర్లు దాటేదాకా తేటగా వస్తుంది. వెలుతురు మాత్రం 80వ వంతుకి పడిపోతుంది. ఫోన్లలో పోర్ట్రెయిట్ మోడ్ బ్లర్ చాలావరకు లెక్కలు కట్టి పూసిందే. జడలో మల్లెలు సగం మాయమయ్యేది అందుకే.

హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహి ద్రాక్ష వెలిగిన రోజుల్లో మా మేనమామకు మేడ్చల్ దగ్గర తోట ఉండేది. ఇప్పుడక్కడ వెంచర్. ఆ తోటలో అగ్ఫా క్లిక్ 3తో తీసిన ఫొటో ఒకటి నా దగ్గరుంది. అందులో ఫోకస్ తిప్పే పనే లేదు, రంధ్రమూ చిన్నదే, పైగా ఎండ. రాతి కడీలు, తీగెలు, గుత్తులు, మోటరు గది, దూరాన గుట్ట, అన్నీ తేటగా పడ్డాయి. నేను కోరుకునే ఫొటో సరిగ్గా అదే.

పందిరి కింద మామ బొటనవేలంత ఉన్నాడు. కడీలెన్నో చెప్పగలను. ఆయన నవ్వుతున్నాడో, ఎండకు మొహం చిట్లించాడో ఎన్నిసార్లు చూసినా తెలియదు. ఆ మొహాన్ని జానెడు లోతులో ఎవరైనా పట్టి ఉంటే తోట మొత్తం బ్లర్ అయినా నాకు అభ్యంతరం లేదు. ఆల్బంలో మాత్రం పెళ్లికూతురు నవ్వాపుకుంటున్న సంగతి పెదవి చివర స్పష్టంగా ఉంది. కట్టా తూమూ కావాలంటే ఇంకోరోజు వెళ్లి ఎఫ్/11లో తీసుకోవచ్చు, చెరువెక్కడికి పోతుంది? హైదరాబాద్ పక్కన కూర్చుని ఈ మాట అనడం సాహసమే అనుకోండి.