క్రియాన్ వేషం ఎవరు వేయాలి?

బడిపిల్లల నాటకం అనగానే మన విమర్శకులు పెదవి విరుస్తారు. వార్షికోత్సవం నాడు తల్లిదండ్రులు చూసి మురిసిపోయే ముచ్చటే తప్ప అందులో విమర్శించవలసింది ఏముంటుందని వారి భావం. నేను దీనితో ఏకీభవించలేను. ఒక సమాజం తన పిల్లల చేత ఏ నాటకం ఆడిస్తున్నది, ఏ పాత్ర ఎవరికి ఇస్తున్నది, ఏ భాగాన్ని కత్తిరిస్తున్నది అన్న ప్రశ్నలలో ఆ సమాజపు విద్యావిధానమంతా ఇమిడి వుంటుంది. సోఫోక్లిస్ ‘ఆంటిగొని’ ఇందుకు మంచి ఉదాహరణ.

కథ చాలామందికి తెలిసినదే. థీబ్స్ సింహాసనం కోసం అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చంపుకున్నారు. గద్దెనెక్కిన మేనమామ క్రియాన్, నగరం పక్షాన పోరాడిన వాడికి సకల మర్యాదలతో అంత్యక్రియలు జరిపించి, నగరం పైకి పరాయి సేనను తెచ్చిన పోలినైసిస్ శవాన్ని కుక్కలకూ గద్దలకూ వదిలివేయమంటాడు. ఆంటిగొని ఆ శాసనాన్ని ధిక్కరించి అన్న శవం మీద మట్టి చల్లుతుంది. ఆమెను బ్రతికుండగానే గుహలో మూసివేస్తారు. ఆమె వురి పోసుకుంటుంది. ఆమెను ప్రేమించిన క్రియాన్ కొడుకు హీమన్ పొడుచుకు చస్తాడు. ఆ వార్త విని తల్లీ చస్తుంది. మిగిలేది క్రియాన్ ఒక్కడే.

ఇంగ్లండులోని బ్రాడ్‌ఫీల్డ్ కాలేజీ పేరుకు కాలేజీ. నిజానికి కలవారి బిడ్డలు చదివే వసతి పాఠశాల. అక్కడ 1881లో గ్రీకు నాటకాలు ఆడించటం మొదలుపెట్టారు. 1890లో ఒక పాత సుద్దగనిని గ్రీకు పద్ధతి రంగస్థలంగా మలచి, ‘ఆంటిగొని’తోనే ప్రారంభోత్సవం చేశారు. నాటకమంతా మూలభాషలోనే. ఆ పిల్లల శ్రమను నేను తక్కువ చేయను. కాని ఆనాటి ఇంగ్లండులో గ్రీకు చదువు ఎందుకు పనికివచ్చేదో మనం మరచిపోరాదు. మన దేశాన్ని ఏలే ఉద్యోగుల ఎంపిక పరీక్షకు 1854లో మెకాలే సంఘం సూచించిన మార్కులలో గ్రీకుకు 750, సంస్కృతానికి 375! రాజశాసనాన్ని ధిక్కరించిన పిల్ల కథ, రేపు శాసనాలు చేయబోయే పిల్లలకు అలంకారమైంది. నాటకం మారలేదు, దాని కోర మాత్రం ఊడింది.

మరొక బడిని చూద్దాం. దక్షిణాఫ్రికాలో రాబెన్ దీవి జైలు. అక్కడా సున్నపురాతి గనే. పగలు ఖైదీలు ఆ గనిలో రాళ్ళు కొట్టేవారు. కొడుతూనే చదువుకున్నవారు చదువురానివారికి పాఠాలు చెప్పేవారు. ఆ జైలును వాళ్ళు విశ్వవిద్యాలయమని పిలుచుకున్నారు. వాళ్ళకొక నాటక సంఘం వుండేది. క్రిస్మస్‌కు నాటకం వేసేవారు. తెరలు లేవు, దుస్తులు లేవు. చేతిలో పుస్తకం ఒక్కటే. అలా ‘ఆంటిగొని’ వేసినప్పుడు, 1964 నుండి 1982 వరకు అక్కడ బందీగా వున్న నెల్సన్ మండేలా ఏ వేషం వేశారు? అన్యాయపు శాసనాన్ని ఎదిరించి జైలుపాలైన మనిషి వేసింది ఆంటిగొని వేషం కాదు, క్రియాన్ వేషం. 1994లో వెలువడిన ఆత్మకథలో ఆయన ఆంటిగొనిని స్వాతంత్ర్య యోధురాలిగానే తలచుకున్నారు. కాని ఆయన ఎక్కువగా ఆలోచించింది క్రియాన్ గురించి: అధికారం చేతికి వస్తేగాని మనిషి గుణం బయటపడదని చెప్పిన ఆ రాజే, ఆ పరీక్షలో ఎలా ఓడిపోయాడన్నది.

నా వాదమంతా ఇక్కడే వుంది. మన విద్యార్థి సంఘాలు ఈ నాటకం ఆడితే ఆంటిగొనికి చప్పట్లు కొట్టటం తేలిక. మనమంతా ఆమె పక్షమే! క్రియాన్‌ను మీసాలు మెలివేసే ఫాసిస్టుగా చూపి చేతులు దులుపుకుంటాం. సోఫోక్లిస్ అలా రాయలేదు. నాటకంలో ఎక్కువ మాటలు క్రియాన్‌వే. మూడింట రెండు వంతులు గడిచేసరికి ఆంటిగొని రంగం విడిచిపోతుంది. మిగిలినదంతా అతని పతనమే. అతని మొదటి ప్రసంగాన్ని జాగ్రత్తగా చదవండి. బంధుత్వం కన్న నగరం గొప్పదంటాడు. అందులో మనం కాదనేది ఏముంది? మన సభలలో అంతకన్న వేరే ఏం చెబుతున్నాం?

అతను పాడైంది ఆ సూత్రం వల్ల కాదు. నగరమంటే తానేనని అనుకోవటం వల్ల. ఊరి జనం చీకటిలో ఆ పిల్ల కోసం గుసగుసలాడుతున్నారని హీమన్ చెప్పినప్పుడు, నేనెలా పాలించాలో ఊరు నాకు చెబుతుందా అని కొడుకునే కసురుకుంటాడు. ఇది రాజుల జబ్బు మాత్రమేనా? ‘ప్రజాశత్రువు’ అన్న ఒక్క ముద్రతో సొంత సహచరుల నోళ్ళే మూయించారని 1956లో సోవియట్ పార్టీ 20వ మహాసభలో క్రుశ్చేవ్ చెప్పినప్పుడు, మన పక్షంలోనూ క్రియాన్ వున్నాడని ఒప్పుకోవటం మనకు ఎంత కష్టమైంది!

ఇది రెండు న్యాయాల మధ్య సంఘర్షణ అని హెగెల్ అన్నాడు. ఆరంభం వరకూ అది నిజం. కాని సోఫోక్లిస్ తీర్పు చెప్పకుండా తప్పుకోలేదు. చివరకు క్రియాన్ భయపడి దిగివచ్చినప్పుడు, ముందు పిల్లను విడిపించి తరువాత శవాన్ని పూడ్చమని వృద్ధులు సలహా ఇస్తారు. అతను ముందు శవాన్ని పూడ్చి, తరువాత గుహకు వెళ్తాడు. అప్పటికే ఆలస్యమైంది. తప్పు దిద్దుకునేటప్పుడు కూడా బ్రతికున్న మనిషి అతనికి రెండోదే.

ఆ వృద్ధులే గాయకబృందం. నిడివి తగ్గించాలంటే బడులలో మొదట కత్తెర పడేది వాళ్ళ మీదే. ఇది పెద్ద పొరపాటు. ఏథెన్సులో ఆ పదిహేనుమంది వృత్తినటులు కారు, పౌరులు. సైనిక శిక్షణ పొందే యువకులే ఆ బృందంలో ఆడేవారని జాన్ వింక్లర్ అనే పండితుడు వాదించాడు. అందరూ ఒప్పుకోకపోయినా, బడిపిల్లలకు ఇది ఆలోచించదగిన మాట. ఈ వృద్ధులు మొదట రాజుకు తలవూపుతారు, పిల్లను మందలిస్తారు, నాశనం ముంచుకొచ్చాక గాని నోరు విప్పరు. మనలో చాలామంది నిజజీవితంలో వేసేది ఈ వేషమే. ఆంటిగొనులు అరుదు, క్రియాన్‌లు కొందరు, తలలూపేవారు లెక్కలేనంతమంది. వాళ్ళను తీసివేస్తే ప్రజల నేరాన్ని నాటకంలోనుంచి తీసివేసినట్లే.

రాయబారం సీనులో దుర్యోధనుడి పద్యానికి కూడా చెవియొగ్గి విన్న ప్రేక్షకులు మనవాళ్ళు. ఎదుటి పక్షాన్ని వినే శక్తి మనకు కొత్తగా అరువు తెచ్చుకోవలసింది కాదు. కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒకటే. ఈ నాటకం ఆడించండి, తేట తెలుగులో ఆడించండి. గాయకబృందాన్ని వుంచండి. క్రియాన్ వేషం తరగతిలో గట్టి గొంతున్న పోకిరికి కాక, ఆంటిగొనిని అందరికన్న ఎక్కువగా ప్రేమించే విద్యార్థికి ఇవ్వండి. నాటకం ముగిసి రంగు కడుక్కునే వేళ ఆ పిల్లవాడు, “మాస్టారూ, నేనెక్కడ తప్పాను?” అని అడిగితే, ఆ బడిలో చదువు జరిగినట్లే.