నీలగిరి తైలానికి చుక్కే కొలత

జలుబు చేసిన ఇంట్లో ముందుగా వెతికేది నీలగిరి తైలం సీసానే. రుమాలు మీద రెండు చుక్కలు వేసి పీల్చినా, మరిగిన నీళ్లలో నాలుగు చుక్కలు వేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టినా బిగుసుకున్న ముక్కు వదిలినట్టు ఉంటుంది. ఆ హాయి నిజమే. కానీ దాన్నిబట్టే ఈ నూనె బలాన్ని అంచనా వేస్తే పొరపాటు పడతాం. నీలగిరి తైలమంటే యూకలిప్టస్ నూనే, అందులోని ముఖ్య పదార్థం సినియోల్. మందుగా అమ్మే నూనెలో ఇది నూటికి డెబ్భై పాళ్లకు తగ్గకూడదు. మన శరీరంలో చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసలను సినియోల్ తట్టి లేపుతుంది. పుదీనా పువ్వులోని మెంథాల్ చేసేదీ అదే. మెంథాల్ పీల్చినవాళ్ల ముక్కులో గాలి ప్రవాహాన్ని కొలిచి చూస్తే, ముక్కు తెరుచుకుందని వాళ్లు చెప్పినా కొలతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ఘాటు వల్ల కలిగే ఉపశమనం వేరు, జబ్బు తగ్గడం వేరు. ఘాటు చాలడం లేదని ఇంకో నాలుగు చుక్కలు వంచే అలవాటు ఈ తేడా తెలియకపోవడం వల్లే వస్తుంది.

సీసాలోకి ఏం చేరుతుందో తెలియాలంటే ఊటీ చుట్టుపక్కల బట్టీ దగ్గర ఒక పూట జరిగే పని చూడాలి. రాలిన ఆకును, కొమ్మల నుంచి దూసిన ఆకును పెద్ద పాత్రలో కుక్కి, నీళ్లు పోసి, మూత బిగించి గంటల తరబడి కాస్తారు. మరిగే నీటి ఆవిరి ఆకులోని నూనెను వెంటబెట్టుకుని గొట్టంలోకి వెళ్తుంది. ఆ గొట్టం చన్నీళ్ల తొట్టిలోంచి సాగుతుంది కాబట్టి ఆవిరి చల్లబడి ధారగా దిగుతుంది. నూనె నీటికన్నా తేలిక కనుక పైకి తేలుతుంది, దాన్ని వేరుగా తీసుకుంటారు. ఉడికి పిప్పి అయిన ఆకునే ఎండబెట్టి మళ్లీ పొయ్యిలోకి తోస్తారు. సినియోల్ విడిగా మరగాలంటే 176 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. నీటి ఆవిరి తోడుంటే నూరు డిగ్రీలు కూడా దాటకుండానే వచ్చేస్తుంది. ఈ విద్యలోని నేర్పంతా అక్కడే ఉంది: నూనె మాడదు, వాసన చెడదు. నూరు కిలోల ఆకు కాస్తే దక్కేది సుమారుగా ఒక కిలో నూనె. ఆ లెక్కన ఒక చిన్న చెంచాలో దాదాపు అరకిలో ఆకు సారం ఉంటుంది. అరకిలో ఆకు ఎవరూ నమిలి మింగరు, చెంచాడు నూనె మాత్రం ఒక్క గుటకలో దిగిపోతుంది.

తరాలుగా వాడుతున్నాం, ఎవరికేమైందని అడిగేవాళ్లున్నారు. ఈ చెట్టు మనది కాదు, ఆస్ట్రేలియాది. 1843లో మద్రాసు సైన్యపు కెప్టెన్ ఒకరు నీలగిరులకు తెచ్చారు. తర్వాత కొండమీద వంటచెరకు కోసం విస్తారంగా నాటారు. అంతకు ముందు మన ఇళ్లలో ఆవిరి పట్టింది వావిలాకుతో, పసుపుతో. గుప్పెడు ఆకు వేస్తే ఎక్కువైనా అంత ప్రమాదం ఉండదు. వట్టి నూనెకు ఆ వెసులుబాటు లేదు. పెద్దవాళ్లు దీన్ని పైపూతకు, ఆవిరికి వాడారే తప్ప తాగించలేదు కదా అంటే, చాలా ఇళ్లలో నిజమే, ఆ జాగ్రత్త మెచ్చుకోదగ్గదే. ఇప్పుడు తేనెలో చుక్క వేసి నాకించడం, పసిపిల్లల ముక్కు దగ్గర రాయడం మాత్రం ఆ జాగ్రత్తను వదిలేయడమే. రెండున్నరేళ్ల లోపు పిల్లలకు ఈ ఘాటు తగిలితే గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆడకపోవచ్చు. ఐరోపా మందుల సంస్థ ఆ వయసు పిల్లలకు దీన్ని వాడకూడదని చెబుతోంది. పెద్దల్లోనూ ఈ నూనె పీల్చిన తర్వాత మూర్ఛ వచ్చిన సందర్భాలను బెంగళూరు నరాల వైద్యులు 2017లో ప్రచురించారు. ఫిట్స్ ఉన్నవాళ్లు దీనికి దూరంగా ఉండాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకూడదు.

అలాగని ఈ నూనె వట్టి వాసనేనని కొట్టిపారేయడమూ తప్పే. 2003లో వెలువడిన ఒక జర్మన్ పరిశోధనలో, స్టెరాయిడ్ మాత్రలు మానలేని 32 మంది ఉబ్బస రోగుల్లో కొందరికి రోజుకు మూడుసార్లు 200 మిల్లీగ్రాముల సినియోల్‌ను, మిగిలినవాళ్లకు ఉత్తి మాత్రలను పన్నెండు వారాలు ఇచ్చారు. సినియోల్ తీసుకున్నవాళ్లు స్టెరాయిడ్ మోతాదును సగటున 36 శాతం తగ్గించుకోగలిగారు, రెండో జట్టు 7 శాతమే. ఇది చిన్న పరిశోధనే అయినా వాపును తగ్గించే గుణం ఉందనడానికి గట్టి ఆధారం. అయితే అక్కడ ఇచ్చింది వైద్యుల కనుసన్నల్లో, తూచిన మోతాదులో, శుద్ధమైన సినియోల్ నింపిన గొట్టం మాత్రలు. ఉబ్బసానికి పనికొచ్చిందని సీసా ఎత్తడానికి అది అనుమతి కాదు. మోతాదు ఎంత ముఖ్యమో చూపించడం వల్లే ఆ పరిశోధనను నేను ఎక్కువగా గౌరవిస్తాను.

కొనేటప్పుడు యూకలిప్టస్ అన్న పేరు ఒక్కటే చాలదు. ఊటీ చలిలో పెరిగే గ్లోబ్యులస్ ఒకటి, కాగితపు గుజ్జు కోసం ఖమ్మం వైపు వేసే జామాయిల్ మరొకటి. నిమ్మవాసన వచ్చే ఇంకో రకం నూనెలో సినియోల్ కన్నా సిట్రోనెల్లాల్ ఎక్కువ, అది దోమల మందుకు పనికొస్తుంది. కల్తీని పట్టడానికి తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి ఆరనివ్వాలి. స్వచ్ఛమైనదైతే ఆరిపోతుంది, జిడ్డు మరక మిగిలితే వంటనూనె లాంటిదేదో కలిసినట్టే. ఒళ్లు నొప్పులకు రాయాలంటే చెంచాడు కొబ్బరినూనెలో మూడు నాలుగు చుక్కలు కలిపితే సరిపోతుంది. నేరుగా రాస్తే చర్మం మండుతుంది. ఆవిరికీ అన్నే చుక్కలు, గిన్నె మాత్రం ఒళ్లో పెట్టుకోకుండా బల్లమీద కదలకుండా ఉండాలి. ముక్కు బిగుసుకున్నప్పుడు నూనె లేని వట్టి ఆవిరి కూడా కొంత హాయినిస్తుంది.

సీసాను పిల్లలకు అందని ఎత్తులో, మూత బిగించి పెట్టాలి. ఎవరైనా పిల్లవాడు తాగేస్తే వాంతి చేయించకూడదు, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మత్తుగా తూలడం, తర్వాత ఫిట్స్ రావడం అరగంటలోనే మొదలుకావచ్చు. పాలో పెరుగో పట్టిస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎంత తాగాడో డాక్టర్ లెక్క కట్టడానికి సీసాను కూడా వెంట తీసుకెళ్లాలి.