గాంట్ చార్టులో లేని వారాలు

థీసిస్ ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే ఏ విద్యార్థయినా తడుముకోకుండా ఒక తేదీ చెప్తాడు. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైఖేల్ రాస్ అనే మనస్తత్వ పరిశోధకులు 1994లో ప్రచురించిన అధ్యయనంలో 37 మంది విద్యార్థులు అలాగే చెప్పారు. సగటున 34 రోజులు చాలన్నారు. పట్టింది 55 రోజుల పైచిలుకు. అంతకన్నా విచిత్రం ఇంకోటుంది. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లు పడుతుందని కూడా వాళ్లను ముందే అడిగారు. దానికి వచ్చిన సగటు జవాబు 49 రోజుల్లోపే!

వాళ్లు సైకాలజీ పిల్లలు, సరే. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చేసేవాళ్లు చదివేదే ఈ జబ్బు గురించి. 1950ల చివర్లో డ్యూపాంట్ కంపెనీ క్రిటికల్ పాత్ అనే షెడ్యూలింగ్ పద్ధతికి ఎలా నాంది పలికిందో, పొలారిస్ క్షిపణి కోసం అమెరికా నౌకాదళం అలాంటిదే అయిన పెర్ట్‌ను ఎలా తయారుచేసుకుందో వాళ్లకు కంఠతా వచ్చు. గడువు ఎంత పెంచినా పని చివరి క్షణంలోనే మొదలుపెట్టే అలవాటుకు ఎలియాహు గోల్డ్‌రాట్ 1997లో రాసిన 'క్రిటికల్ చెయిన్' నవల 'స్టూడెంట్ సిండ్రోమ్' అని పేరు పెట్టింది. ఆ నిర్వచనం రాసి మార్కులు కొట్టేసినవాళ్లే ఆగస్టు వచ్చేసరికి దానికి నడిచే ఉదాహరణలవుతారు.

ఆగస్టే ఎందుకంటే, మన ఊళ్ల నుంచి ఇంగ్లండ్ వెళ్లి ఏడాది ఎంఎస్సీ చేసే పిల్లల్లో చాలామందికి డిసర్టేషన్ గడువు సెప్టెంబర్ చుట్టుపక్కల పడుతుంది. వేసవిలో క్లాసులుండవు గనక ఫుల్‌టైమ్ పనిచేసుకోవచ్చనుకుంటే చిక్కే. వీసా లెక్కలో డిసర్టేషన్ కాలం కూడా టర్మ్ కిందికే వస్తుంది, వారానికి 20 గంటల పరిమితి అలాగే ఉంటుంది. ఆ 20 గంటలు థీసిస్ వేళల్లోంచే పోతాయి.

ప్రపోజల్‌కు జతచేసే గాంట్ చార్టు చూడాలి. ఎక్సెల్‌లో నీలం పట్టీలు: లిటరేచర్ రివ్యూ నాలుగు వారాలు, డేటా సేకరణ మూడు, విశ్లేషణ రెండు, రాయడం నాలుగు. మెట్లు దిగినట్టు ఎంత ముచ్చటగా ఉంటుందో! ఎథిక్స్ ఫారం వెనక్కొచ్చి మళ్లీ వెళ్లిన రోజులకు అందులో పట్టీ ఉండదు. ఆ ఆమోదం రానిదే ఎవరినీ ఒక్క ప్రశ్న అడగడానికి లేదు. గైడ్ సెలవులకూ పట్టీ ఉండదు. ఇంటర్వ్యూ అడిగితే "ఇప్పుడు స్లాబ్ వేస్తున్నాం తమ్ముడూ, వచ్చే వారం చూద్దాం" అనే సైట్ ఇంజనీరుకు అసలే ఉండదు.

మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ చెప్పిన కథ ఒకటుంది. ఇజ్రాయెల్‌లో ఒక పాఠ్యపుస్తకం తయారుచేస్తున్న బృందంలో అందరూ చీటీల మీద అంచనాలు రాశారు. రెండేళ్లు అటూ ఇటూగా వచ్చాయి. ఇలాంటి బృందాలు ఇదివరకు ఎన్నాళ్లు తీసుకున్నాయని కానెమన్ అడిగితే, విద్యారంగ నిపుణుడు సేమోర్ ఫాక్స్ కాసేపు ఆలోచించి, సుమారు నలభై శాతం పూర్తే చేయలేదని, మిగిలినవాళ్లకు ఏడు నుంచి పదేళ్లు పట్టిందని చెప్పాడు. తమాషా ఏమిటంటే, కాసేపటి కింద ఆయన చీటీలో రాసిందీ రెండేళ్ల లెక్కే. పుస్తకానికి చివరికి ఎనిమిదేళ్లు పట్టింది. థీసిస్ విషయంలో ఆ ఫాక్స్ పని చేయగలిగింది సీనియర్లే. పోయినేడు వాళ్లకు ఇంటర్వ్యూలకు ఎన్ని వారాలు పట్టిందో ఒక్క ఫోన్‌తో తెలుస్తుంది. ఆ ఫోన్ చేసేవాళ్లు తక్కువ.

టైం అంచనాకన్నా ముంచేది టాపిక్. నిర్మాణరంగం వైపు వెళ్లినవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది 'ప్రాజెక్టుల జాప్యానికి కారణాలు'. సౌదీ ప్రాజెక్టులపై అస్సాఫ్, అల్ హెజ్జీ 2006లోనే 73 కారణాలు లెక్కగట్టారు. యజమాని, కన్సల్టెంట్, కాంట్రాక్టర్ ముగ్గురూ ఒప్పుకున్నది మధ్యలో వచ్చే మార్పుల ఆర్డర్లు. తర్వాత వచ్చిన సర్వేల్లో చాలావాటిది ఇదే బాట. నలభై మందికి గూగుల్ ఫారం పంపి, ఒక్కో కారణానికి ఒకటి నుంచి ఐదు మార్కులు వేయమంటారు. ఒక కారణానికి మొత్తం 164 వస్తే, గరిష్ఠంగా రాగల 200తో భాగించి దాని ప్రాముఖ్యత 0.82 అంటారు. లెక్క తప్పేమీ కాదు. కానీ ఆ నలభై మందిలో ముప్పై మంది కాంట్రాక్టర్లయితే 'బిల్లులు ఆలస్యం' పైకి రావడంలో ఆశ్చర్యమేముంది? దశాంశ స్థానాలు చూసి మురిసిపోవడం తప్ప కొత్తగా తెలిసేది తక్కువ.

దీనికన్నా చిన్న ప్రశ్న మేలు. హైదరాబాద్ మెట్రోలో నాగోలు–మియాపూర్ 30 కిలోమీటర్లు 2017 నవంబర్‌లో మొదలైంది. జేబీఎస్–ఎంజీబీఎస్ 2020 ఫిబ్రవరిలో తెరిచారు. ఆ లైనులోనే ఎంజీబీఎస్ దాటి ఫలక్‌నుమా వెళ్లాల్సిన ముక్క అప్పుడు ఆగిపోయింది. అదే నగరం, అదే ఒప్పందం, అదే నిర్మాణ సంస్థ. మరి ఈ మూడు ముక్కల మధ్య తేడా ఎక్కడ వచ్చింది? భూసేకరణ, అలైన్‌మెంట్ మార్పుల తేదీలు పక్కపక్కన పేర్చితేనే ఒక మంచి అధ్యాయమవుతుంది. ఎవరి అభిప్రాయంతోనూ పని లేదు, కాగితాలు కావాలి. వాటి కోసం సమాచార హక్కు చట్టం కింద అడిగితే జవాబుకు 30 రోజుల గడువు, అప్పీలుకు వెళ్తే మరో 30 నుంచి 45 రోజులు. కాబట్టి ఆ దరఖాస్తు వేసవి దాకా ఆగకుండా, టాపిక్ ఖాయమైన వారంలోనే వెళ్లిపోవాలి.