కదలని కారు, దొర్లే బండలు

బస్టర్ కీటన్ 1925 నాటి మూకీ చిత్రం ‘సెవెన్ ఛాన్సెస్’ అనగానే చాలామందికి గుర్తొచ్చేది పెళ్లికూతుళ్ల దండు. మేలిముసుగులు వేసుకున్న వందలాది ఆడవాళ్లు ఒక్క మగాణ్ణి ఊరంతా తరుముతుంటారు. ఆ పరుగు గొప్పదే. కానీ కీటన్ పనితనం తెలియాలంటే దానికి చాలా ముందొచ్చే ఒక చిన్న షాట్ దగ్గర ఆగాలి.

కీటన్ వేసిన పాత్ర జిమ్మీకి తాతగారి వీలునామా అందుతుంది. 27వ పుట్టినరోజున సాయంత్రం 7 గంటల్లోపు పెళ్లాడితే 70 లక్షల డాలర్లు అతనివి. ఆ పుట్టినరోజు ఇవాళే. క్లబ్బులో ఈ కబురు విన్న జిమ్మీ, తను ప్రేమించిన మేరీ దగ్గరికి బయల్దేరతాడు. కారెక్కి, ఇంజను స్టార్ట్ చేసి, బ్రేకు వదిలి, వెనక్కి ఆనుకుంటాడు. కారు కదలదు. వెనకున్న క్లబ్బు మెల్లగా మాసిపోయి ఆ చోట మేరీ ఇల్లు తేలుతుంది. జిమ్మీ బ్రేకు వేసి, దిగి, లోపలికి వెళ్తాడు. తిరుగు ప్రయాణమూ ఇలాగే.

ఒక దృశ్యం మరో దృశ్యంలో కలిసిపోయే ఈ ‘డిజాల్వ్’ని ఆ రోజుల్లో మామూలుగా కెమెరాలోనే చేసేవాళ్లు. మొదటి దృశ్యం చివర షట్టర్‌ని కొద్దికొద్దిగా మూసి చీకటి చేస్తారు. ఫిల్మును అంతమేరా వెనక్కి తిప్పి, రెండో దృశ్యాన్ని చీకటిలోంచి వెలుగులోకి తెస్తూ దాని మీదే తీస్తారు. మారే దృశ్యాలకైతే ఇది చాలు. ఇక్కడ మాత్రం సగం బొమ్మ మారాలి, సగం మారకూడదు. రెండు చోట్లా కారు కెమెరాకి ఒకే దూరంలో, ఒకే ఎత్తులో నిలవాలి. లేకపోతే దృశ్యాలు కలిసే క్షణంలో ఒకటికి రెండు కార్లు కనిపిస్తాయి. కీటన్ బృందం దీనికోసం భూమి కొలిచే సర్వేయర్ల పరికరాలు వాడింది. ఇక కారు కొలతకి దొరుకుతుంది గాని, మనిషి? రెండోచోట కూడా అదే వాలులో, అదే ముఖంతో కూర్చోవడం కీటన్ ఒంటి పని. కెమెరా పట్టిన ఇద్దరిలో ఒకరైన ఎల్గిన్ లెస్లీకి చేత్తో హ్యాండిల్‌ని లయ తప్పకుండా తిప్పుతాడని పేరు.

ఇంత కష్టం ఒక గమ్మత్తు కోసమే అయితే మెచ్చుకుని ముందుకు సాగిపోవచ్చు. కానీ సినిమా మొదట్లో, రెండు రంగుల టెక్నికలర్‌లో తీసిన కొద్ది నిమిషాల ఘట్టంలోనూ ఉన్నది ఇదే ఎత్తుగడ. జిమ్మీ, మేరీ ఇంటి ముందు నిలబడి ఉంటారు. ఋతువులు మారుతుంటాయి. పక్కనున్న కుక్కపిల్ల పెరిగి పెద్దదవుతుంది. జిమ్మీకి మాత్రం ‘నిన్ను ప్రేమిస్తున్నా’ అనే మాట నోట రాదు. లోకం మారుతున్నా తను కదలని మనిషి! కారు షాట్ ఆ స్వభావానికే మరో బొమ్మ. తీరా మేరీ ఎదుట నోరు తెరిచినా, తనకి ఎవరో ఒక అమ్మాయితో పెళ్లి కావాలన్నట్టు మాట జారి, ఆమె చేత కాదనిపించుకుంటాడు.

క్లబ్బులో మిగతా అమ్మాయిల్ని అడిగే ఘట్టంలో మెట్ల మీద ఒకామెతో మాట్లాడుతూ పైకి ఎక్కుతాడు. ఆమె కాదనగానే దిగి వస్తున్న మరొకామెతో అదే వరసలో కిందికి దిగుతాడు. రెండు తిరస్కారాలకు ఒక్క మెట్ల వరస సరిపోయింది. ఇంత పొదుపెరిగిన చేతిలోనే, మేరీ ఇంటి పనివాడి పాత్రకు తెల్లనటుడికి నల్లరంగు పూసి నవ్వించబోయిన మోటుతనమూ ఉంది. అది ఇవాళ చూడ్డానికి రోతగా ఉంటుంది.

పెళ్లికూతురు కావాలని పేపర్లో ప్రకటన పడ్డాక పెళ్లికూతుళ్లు ముంచుకొస్తారు, జిమ్మీ పరుగు అందుకుంటాడు. మొదటి కూర్పును ప్రేక్షకులకు వేసి చూపినప్పుడు కీటన్ ఒకటి పట్టుకున్నాడు. వాలు మీంచి దిగుతున్నప్పుడు అనుకోకుండా అతని కాలు తగిలి ఒక రాయి కదిలింది, అది మరో రెంటిని కదిపింది. మూడు రాళ్లు వెంటపడేసరికి హాలు సర్దుకుని కూర్చుంది. కీటన్ వెనక్కెళ్లి ఆ ఘట్టాన్ని పెంచి తీశాడు. బౌలింగ్ బంతి మొదలు 8 అడుగుల అడ్డకొలత దాకా, 1,500 నకిలీ బండలు చేయించాడు. పెద్దవి కాగితపు గుజ్జువి.

ఆ బండల్ని అమర్చిన తీరులో లెక్క ఉంది. మొదట గులకరాళ్లు, తర్వాత తలకాయంతవి, ఆపైన ఇంటి గోడంతవి. ఒక్కోసారి ఒకదాన్ని తప్పించుకోబోయి ఇంకోదాని దారిలో పడతాడు. కింద వాలు చివర పెళ్లికూతుళ్లు కాచుకుని ఉంటారు. పైన బండలు, కింద ఆడవాళ్లు. చివరికి బండలే ఆడవాళ్లని చెదరగొట్టి అతనికి దారి ఇస్తాయి. నవ్వు కోసం చేర్చిన వస్తువు కథలోని చిక్కును కూడా విప్పేసింది. జాగ్రత్తగా చూస్తే కొన్ని బండలు వాటి సైజుకు తగ్గట్టు కాక తేలిగ్గా ఎగురుతాయి. కానీ మన కన్ను వాటి మీద నిలవదు. ప్రతి బండకీ భుజం ముడుచుకుని, పక్కకి ఉరికి, పడి లేస్తున్న మనిషి మీదే ఉంటుంది, వాటి బరువు అతన్ని చూసే నమ్ముతాం.