పురుగునే అడగాలి

రాయపూర్‌లోని మోవా ఇవాళ పూర్తిగా పట్టణమే. కానీ అక్కడి నుంచి బలోదా బజార్ రోడ్డు పట్టుకుని పాత విధానసభ భవనం దాటితే కనుచూపు మేర వరిపొలాలే. ఈ పొలాలకూ గోదావరి డెల్టాకూ ఉమ్మడి శత్రువు కాండం తొలుచు పురుగు. పిలకల దశలో పడితే మొవ్వు ఎండిపోయి, లాగితే ఊడి చేతికొస్తుంది. ఈనే దశలో పడితే గింజ లేని తెల్లకంకి నిటారుగా నిలబడుతుంది. పురుగు కాండం లోపల దాక్కుంటుంది కాబట్టి పైన కొట్టిన మందు దానికి సరిగా తగలదు.

దీనికోసం పొలంలో కట్టే లింగాకర్షక బుట్టలో చిన్న రబ్బరు ఎర ఉంటుంది. చేతిలోకి తీసుకుని ఎంత పీల్చినా మనకు తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. మగ రెక్కల పురుగు మాత్రం చీకట్లో దాన్ని వెతుక్కుంటూ వచ్చి బుట్టలో పడుతుంది. ఎరలో ఉన్నవి రెండు రసాయనాలు. ఒకటి మూడు పాళ్లు, రెండోది ఒక పాలు. ఆడపురుగు గాలిలోకి వదిలే వాసన ఆ పాళ్లలోనే ఉంటుంది. ఇది మనిషికి ఎలా తెలిసింది? మన ముక్కు ఇందుకు పనికిరాదు. పురుగునే అడగాలి. అలా అడగడం నేర్చుకున్న ఒక శాస్త్ర సంప్రదాయం ఉంది. దాని పద్ధతులు మన రైతులకూ విద్యార్థులకూ తెలియాలని నా కోరిక.

మొదట అడిగినవాళ్లలో ఫ్రాన్సుకు చెందిన ఫాబ్ర్ ముఖ్యుడు. పట్టుపురుగుకు దగ్గరి జాతికి చెందిన పెద్ద ఆడ రెక్కల పురుగును జాలీ పంజరంలో ఉంచితే, రాత్రిపూట మగవి గుంపులుగా ఇంట్లోకి వచ్చాయి. గట్టిగా మూసిన గాజుపాత్రలో ఉంచితే ఒక్కటీ రాలేదు. ఆడది కంటికి స్పష్టంగా కనిపిస్తున్నా అంతే. ఆయన వాడినవి ఇలాంటి మామూలు పరికరాలే. 1950లలో జర్మనీలో డీట్రిష్ ష్నైడర్ ఇంకో అడుగు ముందుకేశారు. పట్టుపురుగు మగదాని మీసాన్ని రెండు ఎలక్ట్రోడ్ల మధ్య అమర్చి, వాసన ఊదిన క్షణంలో అందులో పుట్టే విద్యుత్తును కొలిచారు. పురుగు ఎగరనక్కర్లేదు, నడవనక్కర్లేదు. మీసం ఒక్కటే జవాబు చెబుతుంది. 1959లో బ్యూటెనాంట్ బృందం ఐదు లక్షల ఆడ పట్టుపురుగుల గ్రంథుల నుంచి కొద్ది మిల్లీగ్రాముల పదార్థం తీసి, ఆ వాసన రసాయనం ఏదో తేల్చింది. అందుకు పట్టిన కాలం సుమారు ఇరవై ఏళ్లు.

ఇంతవరకూ తేలింది వాసన ఏమిటన్నది. మీసంలో పుట్టిన కబురు మెదడులో ఎక్కడికి పోతుంది, అరటిపండు వాసననూ బాదం వాసననూ అది ఎలా వేరుచేస్తుంది అన్న ప్రశ్నలు మిగిలాయి. వాటికి తన జీవితమంతా ఇచ్చిన మనిషి వెరోనికా రోడ్రిగ్స్.

గోవా మూలాలున్న కుటుంబం వారిది. 1953లో కెన్యాలో పుట్టారు. చదువుకోసం ఉగాండాలోని మకెరెరే విశ్వవిద్యాలయంలో చేరితే, ఆ దేశంలోని రాజకీయ కల్లోలం అక్కడ నిలవనివ్వలేదు. ఐర్లండ్ వెళ్లి డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో పట్టా అందుకున్నారు. ఐరోపాలోనే ఉండిపోవచ్చు. కానీ బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో పనిచేస్తున్న ఒబైద్ సిద్దిఖీ దగ్గర పరిశోధన చేయాలని, అంతకుముందు తానెన్నడూ నివసించని దేశానికి వచ్చారు. సిద్దిఖీ అప్పటికే సూక్ష్మజీవుల జన్యుశాస్త్రంలో పేరున్నవారు. అమెరికాలో సీమోర్ బెంజర్‌తో కలిసి పండ్ల ఈగల నరాల మీద పనిచేసి, ఆ దారిలోకి మళ్లారు. పండ్ల ఈగ అంటే, అరటిపండు మాగితే చుట్టూ ముసిరే ఆ చిట్టి ఈగే.

గురువూ శిష్యురాలూ ఎంచుకున్న పద్ధతి చూడడానికి చాలా మామూలుది. వై ఆకారపు గొట్టంలో ఒక కొమ్మలో వాసన, రెండో కొమ్మలో ఉత్త గాలి. ఈగలు ఎటు వెళ్తున్నాయో లెక్కపెట్టడమే. మగ ఈగలకు జన్యువులను మార్చే రసాయనం తినిపించి, వాటి సంతానాన్ని ఆ గొట్టంలోకి వదిలేవారు. వేలకొద్దీ ఈగల్లో వాసన పట్టించుకోనివి అరుదుగా దొరికేవి. అయితే ఈగ కదలకపోవడానికి కాళ్లు బాగాలేకపోవచ్చు, ఒంట్లో సత్తువ లేకపోవచ్చు. ఆ అనుమానం తీరేదెలా? ఒక వాసనకు మాత్రమే తప్పి, మరో వాసనకు చక్కగా స్పందించే ఈగ కోసం వెతికారు. అలాంటి ఈగ నడవగలదు, వాసన పట్టగలదు. చెడింది ఒక్క దారే. ఆ చెడిన దారిని పట్టుకుంటే మంచి దారి ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. ఈ తర్కం నాకు ఎప్పుడు తలుచుకున్నా అబ్బురమే. 1978లో ఇద్దరి పేర్లతో ఆ పరిశోధన పత్రం వచ్చింది. కీటకాల వాసన గ్రాహకాల జన్యువులు అమెరికాలో బయటపడింది 1999లో. అంటే వాసనల దారులు వేరువేరని, జన్యువులు చేతికి చిక్కడానికి ఇరవై ఏళ్ల ముందే, బొంబాయిలో ఈగల నడకను బట్టి చెప్పారన్నమాట.

తర్వాత వెరోనికా జర్మనీలోని ట్యూబింగన్ వెళ్లి మెదడు లోపలికి చూడడం నేర్చుకున్నారు. పనిచేస్తున్న నరకణం చక్కెరను ఎక్కువగా పీల్చుకుంటుంది. రేడియోధార్మికత ఉన్న చక్కెర లాంటి పదార్థాన్ని ఈగకు ఇచ్చి, ఒక వాసనను అదేపనిగా చూపించి, మెదడును పలుచటి పొరలుగా కోసి చూస్తే ఏ చోటు పనిచేసిందో మచ్చగా తెలుస్తుంది. ఈగ మీసంలో వాసన పట్టే నరకణాలు సుమారు 1,200. వాటి తంతువులు మెదడులో యాభై వరకూ ఉన్న చిన్న చిన్న ఉండల్లాంటి భాగాలకు చేరతాయి. ఒక్కో వాసనకు ఒక్కో రకం ఉండల కూర్పు మేల్కొంటుందని ఆమె 1988లో ప్రచురించారు. జర్మనీలో నేర్చిన విద్యను టాటా ఇన్‌స్టిట్యూట్‌కు తెచ్చి, మీసంలోని నరకణాలు పుట్టుకలోనే తమ గమ్యాన్ని ఎలా కనుక్కుంటాయన్న ప్రశ్న మీద శిష్యులను తయారుచేశారు. చివరి ఏళ్లలో బెంగళూరు నేషనల్ సెంటర్ ఫర్ బయొలాజికల్ సైన్సెస్‌లో పనిచేశారు. 2010 నవంబరు 10న కేన్సరుతో కన్నుమూశారు. మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సిన పేరు ఆమెది.

వెరోనికా ఏ పంట కోసమూ పనిచేయలేదు. అయినా అడిగే తీరు ఒక్కటే. హైదరాబాద్ రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రంలో కె. కృష్ణయ్య బృందం, బ్రిటన్ శాస్త్రవేత్త అలన్ కార్క్‌తో కలిసి, 1990లలో తెలుగు నేల మీదే కాండం తొలుచు పురుగు వాసనను పొలానికి తెచ్చింది. నిఘా కోసం ఎకరాకు మూడు నాలుగు బుట్టలు, మూకుమ్మడిగా పట్టడానికి ఎనిమిది చొప్పున పెట్టమని ఇవాళ మన వ్యవసాయాధికారులు చెబుతున్నారు. ఎర పాతబడితే మార్చాలి. నారు కొనలు తుంచి నాటే పాత అలవాటు కూడా విడవకూడదు. ఆడపురుగు గుడ్ల ముద్దను పెట్టేది ఆ కొనల మీదే. బుట్టకున్న పరిమితిని కూడా దాచకూడదు. పడేది మగ పురుగులే. పక్క చేలో జతకట్టిన ఆడది ఎగిరి వచ్చి గుడ్లు పెడితే బుట్ట ఆపలేదు. ఒక్క రైతు పెడితే చాలదు, ఊరంతా ఒక్కసారే పెట్టాలి. రాయపూర్ ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న ఈ గడ్డ మీద అది అసాధ్యమేమీ కాదు.

బుట్ట లేకుండా పొలమంతా ఆడపురుగు వాసన నింపే పద్ధతినీ కార్క్, కృష్ణయ్యలు పరీక్షించారు. అప్పుడు మగది ఆడదాన్ని కనుక్కోలేక దారి తప్పుతుంది. అందుకు శాస్త్రవేత్తలు చూపే కారణాల్లో ఒకటి, అదే వాసన ఎడతెగకుండా తగిలితే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేయడం. అగరుబత్తి వెలిగించిన గదిలో కాసేపు కూర్చుంటే మనకూ అంతే. ఈగల్లో ఇది ఎలా జరుగుతుందో వెరోనికా, సహచరులు వెతికారు. వాసన దారిలో ఉండే నిరోధక నరకణాలు బలపడి, అలవాటైన ఆ ఒక్క వాసన కబురును అణిచేస్తాయని, మిగతా వాసనల దారి తెరిచే ఉంటుందని తేలింది. ఆమె పేరుతో ఆ పత్రం అచ్చయింది 2011లో, ఆమె పోయాక.